తాళం ఆయన జేబులో, తుపాకీ మనింట్లో!

"మా ఇంట్లో తుపాకీ ఉంది, మాకేం భయం?" అనే ఇల్లాళ్ళను మీరూ చూసే ఉంటారు. అందులో తూటా ఉందో లేదో ఎలా చూడాలమ్మా అని అడిగి చూడండి. "అమ్మో! నేను దాని జోలికే పోను. అదంతా ఆయనే చూసుకుంటారు" అంటారు.

మరి ఆ "ఆయన" పగలంతా ఆఫీసులోనో పొలంలోనో ఉంటారు. నెలకు నాలుగు రోజులు క్యాంపు. దొంగ వెధవ ఆయన ఇంట్లో ఉన్న వేళ కనుక్కుని మరీ వస్తాడా?

1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు మనిషి పేర ఇస్తారు గాని ఇంటి పేర ఇవ్వరు. అంటే లైసెన్సు ఆయనది, తాళం ఆయనది, విద్య ఆయనది. తుపాకీతో, పసిపిల్లలతో ఒంటరిగా ఉండే భాగ్యం మాత్రం మనది! దీనికి ఇంటి రక్షణ అని పేరు.

రైఫిల్ నేర్పేచోట మొదటి పాఠం కాల్చడం కాదండీ, కాల్చకుండా ఉండడం. ఏ తుపాకీనైనా తూటా ఉన్నట్టే భావించాలి. మూతి మనిషి వైపు తిప్పకూడదు. కాల్చాలని నిశ్చయించుకునే దాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. మ్యాగజైన్ తీసేశాం కదా అని నిశ్చింతగా ఉండకూడదు, ఛాంబర్‌లో ఒక తూటా మిగిలిపోవచ్చు. బోల్టు వెనక్కి లాగి కళ్ళారా చూసుకోవాలి. తుపాకీ ఒకచోట, తూటాలు మరోచోట పెట్టి తాళం వెయ్యాలి. గ్యాస్ సిలిండర్ దగ్గర ఇంతకన్నా ఎక్కువ జాగ్రత్తలు పడే మనకు ఇవి తలకెక్కవా?

"ఆడవాళ్ళకు తుపాకీ విద్యలెందుకు?" అని నవ్వేవాళ్ళకు ఒక్క మాట. ఎన్.సి.సి.లో బాలికల విభాగం 1949లోనే వచ్చింది. కాలేజీ పిల్లలు .22 రైఫిల్ పట్టి గురి చూస్తూనే ఉన్నారు. ఉత్తరప్రదేశ్‌లోని జోహ్‌డీ గ్రామంలో చంద్రో తోమర్ అనే బామ్మగారు మనవరాలికి తోడుగా వెళ్ళి, అరవై దాటాక పిస్తోలు కాల్చడం నేర్చి పోటీల్లో పతకాలు గెలిచారు. ఇంక మనకేం వయసు మించిందీ?

అలాగని అందరూ తుపాకులు కొనుక్కోండని నేననడం లేదు. రైఫిల్ తూటా తలుపు చెక్కను, పలచని గోడను దాటి పోగలదు. అవతల పక్కింటివాళ్ళ పాప నిద్రపోతూ ఉండొచ్చు. పైగా ఆత్మరక్షణ హక్కుకు చట్టం గీసిన గీత ఒకటుంది: అవసరానికి మించి హాని చెయ్యరాదు. వెనుదిరిగి పారిపోతున్నవాణ్ణి కాల్చితే అది రక్షణ అనిపించుకోదు. చాలా ఇళ్ళకు గట్టి గడియ, మంచి ఇరుగుపొరుగు, 112 నంబరు చాలు.

కాని తుపాకీ ఇంట్లోకి వచ్చి కూర్చుంటే మాత్రం, దాని సంగతి ఇంట్లో ఎక్కువసేపు ఉండే మనిషికి ముందు తెలియాలి. కుదరదంటారా? అయితే దాన్ని చట్టప్రకారం వదిలించుకోమనండి. "నీ రక్షణ కోసమే తెచ్చాను" అని ఆయన అంటే, "అయితే ముందు నాకు నేర్పించండి" అనండి.

ఆ మాటకు చిరాకు పడ్డారంటే, ఆ తుపాకీ మన రక్షణ కోసం తెచ్చింది కాదు. ఆయన దర్జా కోసం తెచ్చింది!