షాకప్ మారుద్దాం, పట్టీ జోలికి పోవద్దు

పొద్దున్నే ధరూర్ నుంచి గద్వాల వైపో, జూరాల డ్యామ్ మీదుగా ఆత్మకూరు వైపో పోయే లోడు బళ్ళను స్పీడ్ బ్రేకర్ దగ్గర నిలబడి ఓ పది నిమిషాలు చూడండి. పత్తి, వడ్లు, మిర్చి బస్తాలు, చేపల డబ్బాలు. మోసేవి ఎక్కువగా పాత టాటా ఏస్‌లు, పికప్‌లు. కొన్ని బళ్ళు బ్రేకర్ దాటి ఒక్కసారి ఊగి కుదురుకుంటాయి. కొన్ని మాత్రం దాటాక కూడా రెండు మూడుసార్లు ఎగిరెగిరి పడతాయి, వెనక భాగం పక్కకు తోసుకుపోతుంది. ఈ రెండో రకం బండి డ్రైవర్ని అడిగితే మాట ఒక్కటే: "పట్టీలు మెత్తబడ్డయన్నా, ఇంకో పట్టీ ఎక్కిస్తే సరిపోతది."

సరిపోదు. డబ్బులు దండగయ్యేది సరిగ్గా ఇక్కడే.

కమాన్ పట్టీలు బరువు మోస్తాయి. షాకప్ బరువు మొయ్యదు. గుంతలో పడ్డప్పుడు పట్టీ వంగి లేస్తుంది, లేచాక ఊరుకోదు, ఉయ్యాలలా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును పట్టి ఆపడమే షాకప్ పని. ఒక గొట్టం, అందులో ఆయిల్, ఆయిల్లో సన్నటి రంధ్రాలున్న పిస్టన్. పిస్టన్ కదిలినప్పుడల్లా ఆయిల్ ఆ రంధ్రాల్లోంచి ఇరుక్కుంటూ దూరాలి. ఆ ఇరుకులోనే ఊపు చచ్చి వేడిగా మారుతుంది. పట్టీ ఎక్కిస్తే బండి గట్టిపడుతుంది గానీ ఎగురుడు తగ్గదు, ఖాళీగా తిరిగొచ్చేటప్పుడైతే ఇంకా పెరుగుతుంది.

ఎగిరితే నడుం నొప్పే కదా అనుకోకండి. చక్రం ఎగిరిన ఆ క్షణం టైరు రోడ్డును వదిలేస్తుంది. బ్రేకు ఎంత తొక్కినా, స్టీరింగ్ ఎంత తిప్పినా గాల్లో ఉన్న టైరు మాట వినదు. మన దగ్గర పత్తి విత్తనాల సాగు ఎక్కువ. క్రాసింగ్ పనుల రోజుల్లో తెల్లారకముందే ఆడకూలీలు లోడు బళ్ళలో నిలబడి చేలకు పోతుంటారు. లోడు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదు, చట్టం ఒప్పుకోదు. ఎక్కిస్తున్నారన్నదీ అందరికీ తెలుసు. మూలమలుపులో వెనక భాగం తోసుకుపోయే బండిలో పట్టుకోవడానికి ఏమీ లేకుండా నిలబడ్డవాళ్ళ సంగతి ఆలోచించండి.

షాకప్ పోయిందని ఎలా తెలుస్తుంది? కారులాగా మూల పట్టుకుని నొక్కి చూసే పరీక్ష లోడు బండికి పనికిరాదు, ఆ పట్టీలు మనిషి బలానికి వంగవు. కింద దూరి చూడండి. షాకప్ ఒంటి మీద ఆయిల్ కారి, దాని మీద దుమ్ము పేరుకుని నల్లటి పేస్టులా ఉంటే అది అయిపోయినట్టే. సన్నగా తడి తగిలినట్టుంటే మాత్రం కంగారు పడొద్దు, కొంచెం చెమర్చడం మామూలే. టైరు మీద చెయ్యి తిప్పితే అక్కడక్కడా గుంతలు తగిలినా అనుమానించాలి. ఇంకో మంచి పరీక్ష ఉంది. గుంతల రోడ్డు మీద కాసేపు నడిపి ఆపగానే షాకప్ దగ్గర చెయ్యి పెట్టండి. గట్టిగా పట్టుకోకండి, కాలుతుంది. ఒకే యాక్సిల్ మీద ఎడమది వెచ్చగా, కుడిది చల్లగా ఉంటే కుడిది పని మానేసిందన్నమాట. అది ఆయిల్‌ను నెట్టడం లేదు కాబట్టే చల్లగా ఉంది.

మార్చడం మొదటిసారి చేసేవాళ్ళకు కూడా చేతనవుతుంది, ఒక్క షరతు మీద: బండికి పట్టీలే ఉండాలి, షాకప్ విడిగా ఉండాలి. చుట్టల స్ప్రింగు మధ్యలోంచి షాకప్ పోతుంటే మెకానిక్ దగ్గరికి పోండి. నొక్కుకుని ఉన్న స్ప్రింగు జారితే ప్రాణం పోతుంది.

కొత్తవి జతగానే కొనాలి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది వేస్తే బండి ఒంటికాలి నడక నడుస్తుంది. మోడలు, సంవత్సరం చెప్పి తెచ్చుకుని, పాతదాని పక్కన పెట్టి పొడవు, కన్నుల సైజు పోల్చండి.

అసలు కష్టం తుప్పుది. చేలల్లో తిరిగే బండి నట్లు మట్టితో, నీళ్ళతో కలిసిపోయి ఉంటాయి. ముందురోజు సాయంత్రమే మరలు తీగ బ్రష్షుతో రుద్ది, తుప్పు వదిలించే నూనె కొట్టండి. డబ్ల్యూడీ 40 లేకపోతే డీజిలైనా సరే. పొద్దున ఇంకోసారి కొట్టండి. అప్పటికీ కదలకపోతే పానాకు పైపు తగిలించి వేలాడకండి, బోల్టు తెగుతుంది. గ్యాసు మంటతో వేడి చెయ్యాల్సి వస్తే అది షాపు పని. పక్కనే బ్రేకు పైపులు, డీజిల్ ట్యాంకు ఉంటాయి.

బండి గట్టి నేల మీద, లోడు లేకుండా ఉండాలి. హ్యాండ్‌బ్రేకు, ఫస్ట్ గేరు, టైర్లకు ముందూ వెనకా రాళ్ళు. చాలా బళ్ళలో చక్రాలు నేల మీద ఉండగానే షాకప్ ఊడొస్తుంది, అదే మేలు. చెయ్యి దూరక లేపాల్సి వస్తే ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టాలి, యాక్సిల్‌కూ ఊతం ఇవ్వాలి. ఇటుకలు పెట్టి కింద దూరేవాళ్ళను చాలా ఊళ్ళలో చూస్తాం. ఇటుక పగిలేముందు చెప్పదు. ఒట్టి జాకీని నమ్మి తల దూర్చడం అంతకంటే తప్పు.

పాతది తీశాక కొత్తదాన్ని నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు లాగి నొక్కండి, పండబెట్టినప్పుడు చేరిన గాలి పోతుంది. గ్యాసు రకమైతే దానంతటదే సాగుతుంది కాబట్టి, ఒక చివర బిగించేదాకా కట్టిన పట్టా కోయొద్దు. మెరిసే రాడ్డును పటకారుతో పట్టొద్దు. గీత పడితే సీలు చిరిగి కారడం మొదలవుతుంది. రబ్బరు బుష్‌లకు గ్రీజు కూడా వద్దు, రబ్బరు ఉబ్బుతుంది. సబ్బునీళ్ళు చాలు.

చాలామంది వదిలేసే మెట్టు ఇంకొకటి. బండి గాల్లో ఉండగా బోల్టులు పూర్తిగా బిగించేస్తారు. దించగానే బుష్ మెలిపడి, నెలలకే చిరుగుతుంది. గాల్లో ఉండగా చేతితో తగిలించి, దించి, చక్రాల మీద బరువు పడ్డాకే గట్టిగా బిగించాలి. నాలుగు రోజులు తిరిగాక మళ్ళీ పానా వేసి చూడండి.

పట్టీల బండికి షాకప్ మార్చినంత మాత్రాన అలైన్‌మెంట్ చెడదు, దానికి వేరే ఖర్చు లేదు. పాత షాకప్‌లను మంటలో వెయ్యొద్దు, కోసి చూడొద్దు. లోపల ఆయిల్, కొన్నిట్లో ఒత్తిడి మీద గ్యాసు ఉంటాయి. పాత ఇనుము కొనేవాళ్ళకు ఇచ్చేయండి, ఆ సంగతి చెప్పి మరీ.