యంత్రం ముచ్చట: ఒక ఇంజనుకు రెండు గాలి పంపులు

మొన్న ఆదివారం మా అక్క మనవడు వచ్చాడు. గ్యారేజీలో హెల్పరు వాడు. "తాతా, పాత కారొకటి కొన్నా. దానికి సూపర్‌ఛార్జరు, టర్బో రెండూ బిగిస్తా. లక్ష రూపాయలు అప్పు మాట్లాడుకున్నా, అమ్మకు చెప్పకు" అన్నాడు. వాడికి చెప్పిందే ఈ నెల మీకూ చెప్తున్నా. మన ఇళ్ళల్లో కుర్రాళ్ళు చాలామంది ఈ పనిలోనే ఉన్నారు గదా.

ఇంజనులోకి ఎక్కువ గాలి తోస్తే ఎక్కువ పెట్రోలు మండించొచ్చు, బలం పెరుగుతుంది. ఆ గాలి తోసే పంపులు రెండు రకాలు.

సూపర్‌ఛార్జరును ఇంజనే బెల్టుతో తిప్పుతుంది. పాత మిల్లుల్లో పైన లైన్ షాఫ్టు తిరుగుతుంటే పట్టాలతో మగ్గాలు నడిచేవి, అట్లాగే. ఇంజను మెల్లగా తిరిగినా గాలి అందుతుంది. కానీ దాన్ని తిప్పడానికి ఇంజను బలమే కొంత పోతుంది.

టర్బో అట్లా కాదు. సైలెన్సరు వైపు పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది, అదే ఇరుసు మీదున్న ఇంకో చక్రం గాలి తోస్తుంది. బాయిలరు పొగ వేడితో నీళ్ళు కాచే ఎకనమైజరు గుర్తుందా? అదీ ఇదీ ఒకటే, పారేసేదాన్ని పనిలో పెట్టడం. కానీ ఇంజను మెల్లగా ఉంటే పొగ చాలదు. కాలు నొక్కాక కాస్త ఆగాలి.

ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుందని రెండూ కలిపారు. 1985లో ఇటలీ కంపెనీ లాన్సియా డెల్టా ఎస్4 అనే ర్యాలీ కారుకు పెట్టింది. 1759 సీసీ ఇంజను. ఆ నవంబరులో బ్రిటన్‌లో ఆర్ఏసీ ర్యాలీకి మొదటిసారి దిగి గెలిచింది. నడిపింది హెన్రీ టోయివొనెన్. 1986 మే 2న కోర్సికా ర్యాలీలో ఆ రకం కారే రోడ్డు తప్పి కింద పడి కాలిపోయింది. అతనూ, పక్క సీటులో ఉన్న సెర్జియో క్రెస్టో చనిపోయారు. 1987 నుంచి ఆ తరగతి కార్లనే పోటీల్లోంచి తీసేశారు.

2005లో ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళు ఇంటి కారుకు తెచ్చారు. 1.4 లీటర్ల ఇంజనులో 170 హార్స్‌పవర్! నిమిషానికి 3500 చుట్లు దాటితే అయస్కాంతం క్లచ్చి బెల్టు పంపును వదిలేస్తుంది, ఆపైన టర్బో ఒక్కటే. మనం పట్టాను లూజు పుల్లీ మీదికి జరిపినట్టే.

"కానీ ఒరే, వాళ్ళు ఇంజనునే అందుకు తగ్గట్టు గట్టిగా కట్టారు" అన్నా. మామూలు ఇంజనులో గాలి అట్లా కుక్కితే పెట్రోలు వేళ తప్పి మండుతుంది, టకటకా కొడుతుంది, పిస్టను పగులుతుంది. పైగా 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలు మారేట్టు బండిని మార్చకూడదు. రేపు ఏదన్నా జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు పట్టుకునేది దాన్నే.

వాడేం మాట్లాడలేదు. టీ తాగి వెళ్ళాడు. బుధవారం ఫోను చేశాడు. "తాతా, అప్పు తీసుకోలేదు. ముందు బ్రేకులు బాగు చేస్తున్నా" అన్నాడు.

"ఆ మాట మీ అమ్మకు నువ్వే చెప్పు" అన్నా.

వచ్చే నెల మళ్ళీ కలుద్దాం.