మా అల్లుడి 'బ్రిడ్'

మొన్న ఆదివారం అక్క వీడియో కాల్ చేసింది. "నీ మేనల్లుడి ఘనకార్యం చూడరా" అంటూ నోట్‌బుక్ కెమెరా ముందు పెట్టింది. పక్షి బొమ్మ కింద బీ-ఆర్-ఐ-డీ. దాని మీద ఎర్ర ఇంకుతో పెద్ద ఇంటూ, పక్కన 'పదిసార్లు రాయి'. వెనకాల వాడు, ఏడేళ్లోడు, ముక్కు ఎగబీలుస్తూ కూర్చున్నాడు.

నాకు నా ఆరో క్లాసు గుర్తొచ్చింది. తెలుగు మీడియం నుంచి మారిన కొత్త. నేను స్పెల్లింగ్ తప్పు రాస్తే క్లాసంతా నవ్వేది. ఉద్యోగంలో చేరాక కూడా ఆ భయం పోలేదు. టీమ్ గ్రూపులో రెండు లైన్ల మెసేజ్‌ని నాలుగుసార్లు చెరిపి రాసేవాణ్ని. కోడ్‌లో బగ్ వస్తే సిగ్గుండేది కాదు, స్పెల్లింగ్ తప్పితే మాత్రం చెవులు ఎర్రబడేవి.

అందుకే వాడికి చెప్పా. "ఒరేయ్, ఆరొందల ఏళ్ల కింద నువ్వు రాసిందే కరెక్టురా."

నిజమే. 14వ శతాబ్దపు ఇంగ్లిష్ కవి చాసర్ కాలంలో ఆ మాట 'బ్రిడ్'. ఇంకా వెనక్కి వెళ్తే బ్రిడ్ అంటే పక్షిపిల్ల మాత్రమే. పెద్ద పక్షి 'ఫుగోల్', అదే ఇప్పటి ఫౌల్. తర్వాత జనం నోట్లో ఆర్, ఐ చోట్లు మార్చుకున్నాయి, తప్పే ఒప్పయింది. కందిరీగకైతే పాత ఇంగ్లిష్‌లో వాస్ప్, వాప్స్ రెండూ నడిచేవి.

యాడర్ అనే పాము కథ ఇంకా తమాషా. దాని అసలు పేరు 'నాడర్'. 'ఎ నాడర్' అని గబగబా అంటుంటే 'యాన్ యాడర్' అని వినిపించి, పాము దగ్గరున్న ఎన్ ముందు మాటకి అతుక్కుపోయింది. న్యూట్ అని నీళ్లలో బల్లిలా ఉండే జీవికి ఉల్టా జరిగింది. దానిది కాని ఎన్ వచ్చి చేరింది. (మన క్రికెట్ అంపైర్ కూడా యాడర్ బాపతే, ఒక ఎన్ పోగొట్టుకున్నాడు.)

అన్నిటికన్నా నాకు నచ్చింది బాండికూట్. క్రాష్ బాండికూట్ గేమ్ ఆడినోళ్లకి తెలిసే ఉంటుంది. ఆ పేరు మన పందికొక్కే! ఇంగ్లిషోళ్లకి నోరు తిరగక అలా రాసుకున్నారు. ఆ మాటే ఆస్ట్రేలియా వెళ్లి, అక్కడ పొట్టసంచి ఉన్న వేరే జంతువుకి పేరైంది. వాళ్లని ఎవరూ పదిసార్లు రాయమనలేదు.

వాడు కళ్లు తుడుచుకున్నాడు. "మామా, ఇదంతా రేపు మేడంకి చెప్పనా?"

"వద్దు నాన్నా. ముందు ఆ పదిసార్లూ రాసెయ్."