తపాలా సంచియు రాజద్రోహ శాసనమును

అమెరికా స్వాతంత్ర్యమును గూర్చి ముచ్చటించువారు 1776 నాటి ప్రకటనతో మొదలిడి వాషింగ్టను విజయములతో ముగింతురు. 1783లో సంధి కుదిరిన పిమ్మట ఆ పదుమూడు రాష్ట్రములవారు ఒక్క జాతిగా నెట్లు కూడిరను ప్రశ్నను అడుగువారు అరుదు. వర్జీనియా వాడు వర్జీనియానే తన దేశమని తలంచుచుండిన దినములవి. వారిని కలిపిన సాధనములలో తపాలా సంచికి మేము అగ్రస్థానమిత్తుము.

1792లో కాంగ్రెసు చేసిన తపాలా శాసనమును చూడుడు. ఒక్క కాగితపు టుత్తరమునకు దూరమునుబట్టి 6 మొదలు 25 సెంట్ల వఱకు కూలి విధించిరి. వార్తాపత్రికకో, నూరు మైళ్ల వఱకు ఒక సెంటు, అంతకు మించినచో సెంటున్నర! పత్రికాధిపతులు పరస్పరము పంపుకొను ప్రతులకు ఆ పాటి కూలియు లేదు. ఫిలడెల్ఫియాలో అచ్చైన వార్త జార్జియా పత్రిక కెక్కుటకు ఇట్లు దారి యేర్పడెను. 1790లో 75గా నుండిన తపాలా కచేరీలు 1800 నాటికి 903 అయ్యెను. పత్రికల సంఖ్య రెండు వందలు దాటెను. ఒకడు చదువగా పదుగురు వినుట యన నేమో మన పఠనమందిరముల వారికి చెప్పనక్కఱలేదు.

పత్రిక పెరిగినకొలది పాలకులకు కంటగింపయ్యెను. ఫ్రాన్సుతో యుద్ధము వచ్చునను భయము నాసరా గొని 1798 జూలై 14వ తేదీన అధ్యక్షుడు జాన్ ఆడమ్సు రాజద్రోహ శాసనముపై సంతకము చేసెను. ప్రభుత్వమును, కాంగ్రెసును, అధ్యక్షుని దూషించు అసత్య రచనలకు రెండేండ్ల వఱకు చెఱ, 2000 డాలర్ల వఱకు జరిమానా. ఉపాధ్యక్షుని మాత్రము ఎవ్వరేమన్నను దోషము లేదు. ఏలయన ఆ పదవిలో నున్నవాడు ప్రతికక్షి నాయకుడగు జెఫర్సను. శాసనమున కాయువు 1801 మార్చి 3 వఱకు, అనగా ఆడమ్సు పదవీకాలము తీఱు దినము వఱకే. శాసనకర్తల నిష్పాక్షికతకు వేఱు సాక్ష్యమేల?

వ్రాసినది సత్యమని రుజువు పఱచినచో ముద్దాయి తప్పించుకొనవచ్చును గదా యని దాని సమర్థకులు వాదించిరి. సంగతిని రుజువు చేయవచ్చును. అభిప్రాయమును రుజువు చేయుట యెట్లు? ఈ శాసనమున మొదట శిక్షపడినవాడు వెర్మాంటు ప్రతినిధి మాథ్యూ లయను. ఐర్లండునుండి కూలి ఒడంబడికపై వచ్చి కాంగ్రెసు సభ్యుడైన మొనగాడు. అధ్యక్షుడు ఆడంబరప్రియుడని వ్రాయుట ఆతని నేరములలో నొకటి. తమరు ఆయన యింట భుజించి ఆ ఆడంబరమును చూడలేదా యని ఆతడు న్యాయాధిపతినే ప్రశ్నించెను! నాలుగు నెలల చెఱ, 1000 డాలర్ల జరిమానా పడెను. ఆతడు చెఱలో నుండగనే ప్రజలు మరల ఆతనినే ఎన్నుకొనిరి. 1801 ఫిబ్రవరిలో అధ్యక్షుడెవ్వరో తేలక ప్రతినిధి సభ ముప్పదియాఱు మాఱులు వోటు చేసినపుడు, కడపటి మాఱు వెర్మాంటు వోటును జెఫర్సనుకు వేసినవాడు ఈ లయనే. జెఫర్సను శిక్షితులను క్షమించెను. 1840లో కాంగ్రెసు జరిమానా సొమ్మును వడ్డీతో లయను వారసులకు తిరిగి యిచ్చెను.

ఆ శాసనము ఇంగ్లీషు న్యాయమను వృక్షపు కొమ్మ. మఱియొక కొమ్మ 1870లో మన శిక్షాస్మృతికి అంటుకట్టబడగా, 1908లో బెజవాడ 'స్వరాజ్య' పత్రికలోని వ్రాతకు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు చెఱసాల కేగిరి.

ఇంత చెప్పియు మేము జెఫర్సను కక్షివారికి సంపూర్ణముగా జోహారు లర్పింపజాలము. 1790 నాటి జనసంఖ్యయగు 39 లక్షలలో సుమారు 7 లక్షలమంది బానిసలు. హైటీ ద్వీపమున బానిసలు తిరుగబడుట చూచి బెదరిన తపాలా ప్రధానాధికారి గ్రేంజరు, నల్లవారు తపాలా మోసినచో నలుగురితో కలిసి మనుష్యుని హక్కులు రంగునుబట్టి రావని తెలిసికొందురని 1802లో సెనేటు సభ్యునొకనికి వ్రాసెను. స్వతంత్రుడగు తెల్లవాడు తప్ప అన్యులు తపాలా సంచిని మోయరాదని ఆ యేడే శాసనమయ్యెను. అప్పుడు అధ్యక్షుడు జెఫర్సనే. పత్రికకు సెంటుకూలి పెట్టిన దేశముననే పత్రికను మోయు చేతికి రంగు చూచిరి. ఆ నిషేధము 1865 వఱకు తొలగలేదు.