హస్తవాసి, ముహూర్తం, అండాశయంలో సిస్టు

ఆపరేషన్ ఏ రోజు పెట్టుకోవాలో పంతులుగారిని అడిగే ఇళ్లు మన చుట్టూ బోలెడు. అమావాస్య దాటనివ్వండి, మంగళవారం వద్దు, తారాబలం చూసి చెబుతాను అంటే ఆ మాట జవదాటరు. అవే ఇళ్లలో ‘అసలు ఆపరేషన్ అవసరమా, ఇంకో డాక్టరుకు చూపిద్దామా’ అని ఎవరైనా అన్నారనుకోండి. ‘ఆ డాక్టరమ్మ హస్తవాసి మంచిది, మళ్లీ ఇంకొకరి దగ్గరికెందుకు, తెలిస్తే ఏమనుకుంటారు’ అని నోరు మూయిస్తారు. తేదీ కోసం ఇద్దరు జ్యోతిష్కులను అడగడానికి అడ్డురాని మొహమాటం, పొట్ట కోసే విషయంలో రెండో డాక్టరును అడగడానికి ఎందుకు అడ్డొస్తుంది?

హైదరాబాద్‌లో మూసాపేట నుంచి కూకట్‌పల్లి దాకా మెట్రో పిల్లర్ల వెంట నడిస్తే డయాగ్నస్టిక్ సెంటర్లకు, నర్సింగ్ హోములకు కొదవ లేదు. హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తూ ఇటువైపు హాస్టళ్లలో, అద్దె ఫ్లాట్లలో ఉండే అమ్మాయిలు పొత్తికడుపులో నొప్పి అనో, నెలసరి తప్పిందనో, కంపెనీ హెల్త్ చెకప్ ఉందనో స్కానింగ్ చేయించుకుంటారు. రిపోర్టులో ఒక లైను: ‘కుడి అండాశయంలో 4.6 × 4.1 సెంటీమీటర్ల సింపుల్ సిస్ట్’. అడుగున ఇంకో లైను: ‘క్లినికల్ కోరిలేషన్ అవసరం’. స్కాన్ తీసినవారే ఇది తుది తీర్పు కాదని, మనిషిని పరీక్షించి నిర్ణయించమని రాస్తున్నారు. ఆ లైను చదివేవాళ్లు అరుదు. సాయంత్రానికల్లా రిపోర్టు ఫొటో వాట్సాప్‌లో ఊళ్లో ఉన్న అమ్మకు, మేనత్తకు చేరిపోతుంది. మేనత్త నాగదోషం అంటుంది, శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించమంటుంది. పక్కింటావిడ పసరు మందు పేరు చెబుతుంది. ఇంకెవరో క్యాన్సరేమో, ముందు తీయించేయండి అంటారు. ఆస్పత్రి కౌంటరులోనేమో మొదటి ప్రశ్న, ఇన్సూరెన్స్ ఉందా అని. ఇంతమంది మాట్లాడుతుంటే ఆ అమ్మాయి అడగవలసిన ప్రశ్న అడక్కుండానే మిగిలిపోతుంది: ఇది ఏ రకం సిస్టు?

నెలనెలా అండాశయంలో ఒక చిన్న నీటి సంచి పెరిగి, పగిలి, అండం బయటకు వస్తుంది. ఒక్కో నెల అది పగలకుండా పెరుగుతూ పోతుంది. ఒక్కోసారి పగిలిన చోటే మళ్లీ ద్రవం నిండుతుంది. నెలసరి వస్తున్న వయసులో కనబడే సిస్టుల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. బ్రిటన్‌లోని స్త్రీ వైద్య నిపుణుల రాయల్ కాలేజీ 2011లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. ఆ వయసులో 5 సెంటీమీటర్ల లోపు సింపుల్ సిస్టుకు (పలచని గోడ, లోపల నీరు మాత్రమే ఉన్నదానికి) సాధారణంగా మళ్లీ స్కాన్ కూడా అక్కర్లేదు, దాదాపు అన్నీ మూడు నెలసరులు తిరిగేలోగా వాటంతటవే పోతాయి. 5 నుంచి 7 మధ్య ఉంటే ఏడాదికోసారి చూసుకోవాలి. 7 దాటితే ఎమ్మారై గానీ ఆపరేషన్ గానీ ఆలోచించాలి.

వాటంతటవే పోతాయి అన్న ఈ ఒక్క సంగతి దగ్గర కాసేపు ఆగాలి. మన నమ్మకాలకు తిండి పెడుతున్నది ఇదే. శ్రీకాళహస్తి వెళ్లివచ్చిన అమ్మాయికి మూడు నెలల తర్వాత స్కాన్‌లో సిస్టు కనబడదు. దోషం పోయిందంటారు. పసరు తాగినామె సిస్టూ పోతుంది. కరిగిపోయిందంటారు. హోమియో గుళికలు వేసుకున్నామె సంగతీ అంతే. ఏమీ చేయని అమ్మాయి సిస్టు కూడా అలాగే పోయింది, కానీ ఆమె కథ ఎవరూ చెప్పుకోరు. ఇది పూజలకు, పసర్లకు మాత్రమే పెట్టే పరీక్ష కాదు. ఇలాంటి సిస్టులు కరగడానికని కొందరు డాక్టర్లు గర్భనిరోధక మాత్రలు రాస్తుంటారు. ఆ మాత్రలు వాడినవారిని, వాడనివారిని పోల్చిన పరీక్షలన్నిటినీ కాక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధన సంస్థ సమీక్షిస్తే, మాత్రల వల్ల సిస్టు త్వరగా పోయిందేమీ లేదని తేలింది. తావీజును ఏ కొలతతో కొలుస్తామో డాక్టరు చీటీనీ అదే కొలతతో కొలవాలి. హేతువాదం అంటే నాకు తెలిసినంతలో ఇదే.

అలాగని సిస్టులన్నీ అమాయకమైనవని చెప్పడం లేదు. లోపల రక్తం పేరుకుని చిక్కబడ్డ చాక్లెట్ సిస్టులున్నాయి. డెర్మాయిడ్ సిస్టులో వెంట్రుకలు, పళ్లు కూడా ఉండొచ్చు. అవి బయటపడితే చేతబడి అని గుసగుసలు మొదలవుతాయి. అండకణాల నుంచి పుట్టే గడ్డ గనుక అందులో శరీరంలోని ఏ రకం కణజాలమైనా పెరగగలదు. ఎవరో పెట్టింది కాదది. స్కాన్‌లో గట్టి భాగాలు కనబడినా, పొట్టలో నీరు చేరినా, నెలసరి ఆగిపోయిన తర్వాత సిస్టు వచ్చినా ఆలస్యం చేయకూడదు. ఇక క్యాన్సర్ అనుమానంతో చేయించే సీఏ-125 రక్త పరీక్ష. అంకె ఎక్కువ వచ్చిందంటే చాలు, ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. నెలసరి రోజుల్లో, గర్భసంచి లోపలి పొర బయట పెరిగే ఎండోమెట్రియోసిస్‌లో, ఫైబ్రాయిడ్లలో, పొట్టలో క్షయ ఉన్నా ఆ అంకె పెరుగుతుంది. అరవై ఏళ్లావిడ విషయంలో ఆందోళన కలిగించే అంకె పాతికేళ్ల అమ్మాయికి అంత అర్థమివ్వకపోవచ్చు. వయసు, స్కాన్, లక్షణాలు కలిపి చదివే మనిషి కావాలి. రెండో అభిప్రాయం ఎందుకంటే ఇందుకు.

పెళ్లయి పిల్లలున్న స్త్రీల విషయానికొస్తే నష్టం ఇంకా పెద్దది. ‘పిల్లలు పుట్టేశారుగా, ఇక గర్భసంచితో పనేముంది’ అన్న మాట మన రెండు రాష్ట్రాల్లో పాతుకుపోయింది. సిస్టు ఉందని వెళ్లినామెకు గర్భసంచి, రెండు అండాశయాలు కలిపి తీసేసినా ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోరు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. తెలుగు స్త్రీల గర్భసంచులకే ప్రత్యేకంగా జబ్బులు రావు కదా! లాభం చూసుకున్న ఆస్పత్రుల తప్పు ఇందులో ఉంది. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్ల మీద వేసిన పిటిషన్‌లో సుప్రీంకోర్టు 2023లో, వీటిని అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయమని రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చింది. కానీ ‘ఇక దాంతో పనేముంది’ అన్న నమ్మకం ముందే సిద్ధంగా ఉండబట్టి ఆ ఆస్పత్రుల పని తేలికైంది. అండాశయాలు రెండూ పోతే నెలసరి ఒక్కసారిగా ఆగిపోతుంది. చిన్న వయసులోనే ఎముకలు గుల్లబారతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది.

రెండో డాక్టరు దగ్గరికి వెళ్లడానికీ ఒక పద్ధతుంది. నచ్చిన జవాబు దొరికేదాకా డాక్టర్లను మార్చడం, అనుకున్న ముహూర్తం దొరికేదాకా పంతుళ్లను మార్చడం లాంటిదే. స్కాన్ ఫిల్ములు, రిపోర్టు ముందు పెట్టి, మొదటి డాక్టరు ఏం చెప్పారో చివర్న చెప్పండి. మొదటి ఆస్పత్రితో సంబంధం లేనివారిని ఎంచుకోండి. మూసాపేటలో మెట్రో ఎక్కితే పంజగుట్టలో దిగి నిమ్స్‌కు వెళ్లవచ్చు. క్యాన్సర్ అనుమానమే అయితే రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. మూడు నెలలు ఆగితే ఏమవుతుంది, సిస్టు మాత్రమే తీసి అండాశయం ఉంచవచ్చా అని అడగండి. ఇద్దరూ వేర్వేరుగా చెబితే ఎవరు పెద్ద డాక్టరని చూడకుండా ఎవరు కారణం చెబుతున్నారో చూడండి.

ఒక్క సందర్భంలో ఇవేవీ వద్దు. ఉన్నట్టుండి పొత్తికడుపులో ఒక పక్క భరించలేని నొప్పి, దాంతోపాటు వాంతులు వస్తే అండాశయం మెలిపడి ఉండొచ్చు. రక్తం అందక అది చచ్చిపోయే లోపే ఆపరేషన్ జరగాలి. అప్పుడు రెండో అభిప్రాయమూ వద్దు, ముహూర్తమూ వద్దు, దగ్గర్లోని ఆస్పత్రికి పరుగెత్తండి.

డాక్టరు నొచ్చుకుంటారని వెనకాడేవారికి ఒక మాట. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రాన్ని కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో రాష్ట్రాలకు పంపింది. రెండో అభిప్రాయం తీసుకోవడం అందులో రాసి ఉన్న హక్కు. మంచి డాక్టరు నొచ్చుకోరు కూడా.

సమీరా కోహ్లీ కేసు ప్రతి ఇంట్లోనూ తెలియాలి. 1995లో ఢిల్లీలో 44 ఏళ్ల ఆ అవివాహిత ల్యాపరోస్కోపీకి ఒప్పుకుంది గానీ గర్భసంచి తీయడానికి ఒప్పుకోలేదు. ఆమె మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లి చేత ఒప్పుకోలు తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. మేజరైన, తెలివిలో ఉన్నప్పుడు అడగగలిగిన రోగి తరఫున తల్లి అంగీకారం చెల్లదని సుప్రీంకోర్టు 2008 జనవరి 16న తీర్పిచ్చింది. పదమూడేళ్ల తర్వాత ఆమెకు దక్కిన పరిహారం 25,000 రూపాయలు.

కాబట్టి ఆపరేషన్ తప్పదని ఇద్దరు డాక్టర్లూ చెప్పినా, సంతకం పెట్టే ముందు ఆ కాగితం తెలుగులో చదివించుకోండి. సిస్టు తీయడానికే ఒప్పుకుంటున్నారో, ఇంకేమైనా రాసి ఉందో చూడండి. మీరు ఒప్పుకోనిది ఉంటే కొట్టేయించి, అప్పుడు సంతకం చేయండి. ఆ సంతకం మీదే అయి ఉండాలి.