పండ్లు పంచింది చాలు, సమయం పంచుదాం



వార్షికోత్సవం అనగానే ఆటల పోటీలు, వ్యాసరచన, నాటికలతో పాటు ‘సేవా కార్యక్రమం’ అని ఒకటి పెట్టుకోవడం చాలా హాస్టళ్ళలో ఆనవాయితీ. ఆ రోజు పదిమంది కలిసి ఒక అంధ విద్యార్థుల హాస్టల్‌కో, మానసిక ఎదుగుదల లోపించిన పిల్లల పాఠశాలకో వెళ్తారు. అరటిపండ్లు, బిస్కెట్ ప్యాకెట్లు పంచుతారు. ఫోటో దిగుతారు. మళ్ళీ ఏడాది దాకా ఆ దారి తొక్కరు. ఉద్దేశం మంచిదే. కానీ దీన్ని సేవ అనడానికి నాకు మనసు ఒప్పడం లేదు. ఎందుకో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఆ ఫోటోలో పండు అందుకునే వైపు నిలబడటం ఎలా ఉంటుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు? నేను ఆరో తరగతి నుంచి హాస్టల్లో పెరిగాను. ఎవరి పుట్టినరోజైనా, ఏ సంఘం వార్షికోత్సవమైనా మమ్మల్ని వరుసగా నిలబెట్టేవారు. చేతిలో పండు పెట్టి కెమెరా వైపు చూడమనేవారు. ఫోటో సరిగా రాకపోతే ఇచ్చిన పండు తీసుకుని మళ్ళీ ఇచ్చేవారు. పండు తినేవాళ్ళం, ఆ వయసు ఆకలి అలాంటిది. అయితే వచ్చినవాళ్ళలో ఒక్కరైనా “నీ పేరేమిటి? ఏ సబ్జెక్టులో ఇబ్బంది పడుతున్నావు?” అని అడిగిన గుర్తు లేదు. పదో తరగతి లెక్కలు, ఇంగ్లీషు దగ్గర మాలో చాలామంది ఆగిపోయారు. సాయంత్రం పూట కూర్చొని లెక్కలు చెప్పే మనిషి మాకు కావాలి. మాకు వచ్చింది అరటిపండు. మనకు జరిగిన దాన్నే ఇప్పుడు మరొకరికి చేసి, దానికి సేవ అని పేరు పెట్టవచ్చా?

ఇక్కడ ఒక సంగతి గుర్తు చేసుకోవాలి. మన హాస్టల్ ఎవరో దయతలచి కట్టించిన సత్రం కాదు. 1925లోనే బాబాసాహెబ్ అంబేడ్కర్ స్థాపించిన బహిష్కృత హితకారిణి సభ సోలాపూర్‌లో మన పిల్లల కోసం హాస్టల్ తెరిచింది. తర్వాత రాజ్యాంగంలోని 46వ అధికరణం షెడ్యూల్డు కులాలు, తెగలు, ఇతర బలహీన వర్గాల చదువును ప్రత్యేక శ్రద్ధతో చూడమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. అదే భాగంలో, కాస్త పైన, 41వ అధికరణం ఉంది. నిరుద్యోగులకు, వృద్ధులకు, రోగులకు, అంగవైకల్యం ఉన్నవారికి పని, చదువు, ప్రభుత్వ సహాయం అందే ఏర్పాటు చేయమని అది చెబుతుంది. అంటే మన హాస్టల్ సీటూ, ఒక అంధ విద్యార్థి చదువూ ఒకే పుస్తకంలో, ఒకే భాగంలో రాసిన మాటలు. మనది హక్కు అయినప్పుడు వాళ్ళది దయ ఎలా అవుతుంది?

చట్టాలు కూడా ఈ దారిలోనే నడిచాయి. 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ ఉద్యోగాల్లో 3 శాతంగా ఉన్న రిజర్వేషన్ 4 శాతం అయింది. ఉన్నత విద్యలో 5 శాతానికి తగ్గకుండా సీట్లు ఇవ్వాలంది. 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య హక్కు అంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షలకు పైగా వైకల్యం ఉన్నవారున్నారు. అప్పట్లో వికలాంగులు అన్నాం, తర్వాత విభిన్న ప్రతిభావంతులు అన్నాం, దివ్యాంగులు అన్నాం. పిలుపు మారింది. కాలేజీ మెట్లు మాత్రం చాలాచోట్ల అలాగే ఉన్నాయి. ఊళ్ళో ఇంకా పేరుకు ముందు వైకల్యాన్ని తగిలించి పిలుస్తూనే ఉన్నారు. కులం పేరుతోనో, ‘హాస్టలోళ్ళు’ అనో పిలిపించుకున్న మనకు ఆ పిలుపులోని నొప్పి వేరే చెప్పాలా?

మరి మనం ఏం చేయగలం? డబ్బు లేదు. ఉన్నది సమయం, చదువు, నూరుమంది మనుషులు. ఇవి మూడూ చాలా విలువైనవే.

మొదటిది, పరీక్షలు రాసిపెట్టడం. చూపు లేనివారికి, చేతులతో రాయలేనివారికి పరీక్షలో స్క్రైబ్ కావాలి. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, వైకల్యం 40 శాతం లేకపోయినా రాయడంలో ఇబ్బంది ఉన్నవారికి స్క్రైబ్ సదుపాయం నిరాకరించకూడదని చెప్పింది. చట్టం ఉంది, తీర్పు ఉంది. రాసే మనిషే దొరకడు. ఎందుకంటే పరీక్షల కాలంలో తోటి విద్యార్థులందరికీ పరీక్షలే. చివరి నిమిషంలో స్క్రైబ్ రాకపోతే ఒక ఏడాది పోయినట్టే. కానీ ఒక హాస్టల్‌ను తీసుకోండి. అందులో ఎనిమిదో తరగతి నుంచి డిగ్రీ దాకా వేర్వేరు తరగతుల వాళ్ళు, దగ్గర్లోనే మరో హాస్టల్ ఉంటారు. డిగ్రీ వాళ్ళకు పరీక్షలున్న రోజుల్లో ఇంటర్ వాళ్ళు ఖాళీగా ఉండవచ్చు. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు కూడా, అభ్యర్థి తానే స్క్రైబ్‌ను తెచ్చుకుంటే ఆ స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువుకంటే ఒక మెట్టు కింద ఉండాలన్నాయి. ఇన్ని తరగతుల వాళ్ళు ఒకేచోట దొరికేది హాస్టల్లోనే. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ప్రతి పరీక్షకూ ఆ నోటిఫికేషన్ చూసుకుని, ముందుగా అనుమతి తీసుకోవాలి.

నేను ఇంటర్ చదివేటప్పుడు డిగ్రీ చదివే ఒక అన్నకు మూడు పరీక్షలు రాశాను. పరీక్షకు ముందు రెండు సాయంత్రాలు కూర్చోబెట్టుకుని ఆయన చెప్పే వేగం నాకు, నేను రాసే వేగం ఆయనకు అలవాటు చేశారు. ప్రశ్నపత్రం మొత్తం రెండుసార్లు చదివించుకున్నాకే మొదటి జవాబు మొదలుపెట్టేవారు. ఎక్కడ పేరా మార్చాలో కూడా చెప్పేవారు. ఒక జవాబులో ఆయనకు ఒక సంవత్సరం గుర్తు రాలేదు. నాకు తెలుసు. చెప్పకూడదు. ఆయన గుర్తు తెచ్చుకునేదాకా కలం పట్టుకుని ఊరుకున్నాను. నీకు తెలిసింది రాయకు, ఆయన చెప్పింది రాయి. స్క్రైబ్‌కు ఉన్న నియమం ఇదే. సేవ చేసేవాళ్ళందరికీ ఇదే నియమం పెట్టాలని నా అభిప్రాయం. వాళ్ళకేం కావాలో మనమే తేల్చేసుకుని పండ్ల బుట్టతో వెళ్ళడం మానుకోవాలి. ముందు అడగాలి, చెప్పింది వినాలి, తర్వాత చేయాలి.

రెండోది, చదివి వినిపించడం. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ గారి కథ మీలో చాలామందికి తెలుసు. చూపు లేదని ఇంటర్‌లో సైన్స్ గ్రూపు ఇవ్వమంటే కోర్టుకు వెళ్ళి సాధించుకున్నారు. అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివి, 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించారు. 2024లో ఆయన జీవితంపై సినిమా కూడా వచ్చింది. చప్పట్లు కొట్టాం. ఆయన పట్టుదలకు అవి తగినవే. అయితే ఆ ఇంటర్ పాఠాలు ఆయన విని చదువుకున్నారని, వినడానికి వీలుగా వాటిని ఎవరో కూర్చొని ఆడియోగా మార్చారని మనం గమనించాలి. ఆ కథలో మనం చేయగలిగిన పని అదే. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ వల్ల చూపు లేనివారి కోసం, లాభాపేక్ష లేకుండా, పుస్తకాన్ని వాళ్ళు చదువుకోగల రూపంలోకి మార్చడం తప్పు కాదు. మన జేబులో ఉన్న ఫోనుతో రోజుకు పది పేజీలు రికార్డు చేసినా ఒక పాఠ్యపుస్తకం నెలరోజుల్లో పూర్తవుతుంది.

ఇందులోనే ఒక చిన్న మెలిక ఉంది. ఇప్పుడు ఫోనులో, కంప్యూటర్‌లో తెరపై ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఎన్‌వీడీఏ అనేది పూర్తిగా ఉచితం. చూపు లేని ఒక ఆస్ట్రేలియా యువకుడు 2006లో దాన్ని మొదలుపెట్టారు. కానీ మన డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టిన తెలుగు నోట్సును ఈ సాఫ్ట్‌వేర్లు చదవలేవు. కంటికి అది చక్కని తెలుగు, సాఫ్ట్‌వేర్‌కు అర్థం లేని గుర్తులు. నోట్సును ఫోటో తీసి వాట్సాప్‌లో పంపినా సరిగా చదవడం కష్టమే. అదే యూనికోడ్‌లో కొడితే వినిపిస్తుంది. టైపింగ్ వచ్చిన తమ్ముడు ఒకడు ఈ తేడా తెలుసుకుంటే ఎంత మేలో ఆలోచించండి. మన ఈ సంచికనే చూడండి. అచ్చు ప్రతితో పాటు యూనికోడ్ ప్రతి కూడా తీసి ఉంచమని సంపాదకవర్గాన్ని కోరుతున్నాను.

మూడోది, మానసిక ఎదుగుదల నెమ్మదిగా ఉన్న మన ఈడు పిల్లలతో స్నేహం. మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. అక్కడి టీచర్లు ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు, దైనందిన పనులు నేర్పిస్తారు. కానీ పద్దెనిమిదేళ్ళు దాటాక ఆ పిల్లల్లో చాలామంది ఇంట్లోనే ఉండిపోతారు. తల్లి కూలికి వెళ్తే మంచానికి తోడుగా గోడలే. వాళ్ళకు కావలసింది ఉపన్యాసం కాదు. క్యారమ్స్ ఆడటానికి, సంతకు వెళ్ళి పది రూపాయలిచ్చి చిల్లర లెక్క చూసుకోవడానికి, బస్సు బోర్డు గుర్తుపట్టి ఎక్కడానికి పక్కన ఒక దోస్తు. స్పెషల్ ఒలింపిక్స్ వాళ్ళు ఇలాంటి క్రీడాకారులను, మామూలు క్రీడాకారులను ఒకే జట్టులో ఆడిస్తారు. మన వాలీబాల్ కోర్టులో ఆదివారం సాయంత్రం ఆ పని చేయడానికి ఏం అడ్డు?

నాలుగోది మనకు వెన్నతో పెట్టిన విద్య. అదే దరఖాస్తులు నింపడం. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేను. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, స్కాలర్‌షిప్, బ్యాంకు ఖాతా, ఇవన్నీ మా నాన్నకు తెలియవు. హాస్టల్ సీనియర్లే పక్కన కూర్చొని నింపించారు. అదే విద్యతో ఒక కుటుంబాన్ని వైద్య పరీక్షల క్యాంపుకు తీసుకువెళ్ళి సర్టిఫికెట్ ఇప్పించవచ్చు. దేశమంతా చెల్లే యూడీఐడీ కార్డుకు దరఖాస్తు పెట్టించవచ్చు. ఆ కాగితం లేక రిజర్వేషన్, స్కాలర్‌షిప్, పరీక్షలో అదనపు సమయం అన్నీ పోగొట్టుకుంటున్న పిల్లలు మన ఊళ్ళలోనే ఉన్నారు.

“మనకే దిక్కు లేదు. మెస్ చార్జీలు చాలవు, బాత్‌రూములకు తలుపులు లేవు. మనం ఒకరికి చేసేదేమిటి?” అని కొందరు మిత్రులు అంటారు. ఇది కొట్టిపారేసే మాట కాదు. మన సమస్యల కోసం మనం అడగాల్సిందే, ధర్నా చేయాల్సి వస్తే చేయాల్సిందే. కానీ రెండూ కలిపి చేయవచ్చు. బాత్‌రూము తలుపు కోసం వినతిపత్రం రాసేటప్పుడు ర్యాంపు, పట్టుకోవడానికి కమ్మీ ఉన్న ఒక బాత్‌రూము కూడా అందులో రాయండి. విద్యాసంస్థల భవనాలు అందరికీ అనువుగా ఉండాలని 2016 చట్టమే చెబుతోంది. మనలోనే నడవడానికి ఇబ్బంది పడే తమ్ముడికి పై అంతస్తు గది ఇచ్చి, ఊరవతలి పాఠశాలలో పండ్లు పంచితే ఎవరు నమ్ముతారు? మొదలు మన గడప దగ్గర నుంచే కావాలి.

ఇక ఆచరణ. ఎన్.ఎస్.ఎస్. 1969లో మొదలైనప్పటి నుంచి యువతలో సేవాభావం పెంచుతోంది. అందులో వాలంటీరు ఏడాదికి 120 గంటలు పనిచేయాలి. అంటే వారానికి రెండు గంటల పైచిలుకు. మనం రెండు గంటలే పెట్టుకుందాం. ఒక రిజిస్టరు, పేరు, రోజు, పని. ఇద్దరిద్దరుగా వెళ్ళాలి. అమ్మాయిల దగ్గరికి అమ్మాయిలే వెళ్ళాలి. వార్డెన్ సారుకు, ఆ ఇంటి పెద్దలకు తెలియాలి. వాళ్ళు ఒప్పుకోకుండా ఫోటో తీయకూడదు. అన్నిటికంటే ముఖ్యం, మాట ఇచ్చి మానకూడదు. నెలరోజులు వచ్చి చెప్పకుండా మానేసే స్నేహితుడికంటే అసలు రానివాడే నయం. వారానికి రెండు గంటలు వీలుకాకపోతే ఒకటే చెప్పండి, ఆ ఒకటి తప్పకండి.

ఉద్యోగాల్లో ఉన్న అన్నలూ, అక్కలూ, వార్షికోత్సవానికి మీరు ఇచ్చే చందా మాకు విలువైనదే. ఈసారి దానితో పాటు మీ ఊళ్ళో, మీ ఆఫీసులో ఉన్న ప్రత్యేక అవసరాల యువతీయువకుల్లో ఒక్కరి సంగతి మాకు చెప్పండి. వాడకుండా పక్కన పెట్టిన ఫోను ఉంటే పంపండి, రికార్డింగుకు పనికొస్తుంది. టీచర్లుగా ఉన్నవారు స్క్రైబ్ నిబంధనలు మా తమ్ముళ్ళకు ఒక పూట వచ్చి వివరించండి.

వచ్చే ఏడాది వార్షికోత్సవ సంచికలో సేవా కార్యక్రమం ఫోటో లేకపోయినా ఫర్వాలేదు. ఎన్ని పరీక్షలు రాసిపెట్టాం, ఎన్ని పాఠాలు చదివి రికార్డు చేశాం, ఎందరికి సర్టిఫికెట్లు ఇప్పించాం అని ఒక పేజీ లెక్క అచ్చయితే చాలు. రిజిస్టరు కొనడానికి ఇరవై రూపాయలు చాలు. పేర్లు రాయడం ఈ ఆదివారమే మొదలుపెట్టండి.

– ఎం.ఏ. విద్యార్థి, ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి