అర్థం కాని ప్రశ్న వేసి "కన్‌ఫ్యూజ్డ్" అని రాస్తే ఎట్లా?

నర్సింగ్ చదువుతున్న మేము వార్డులో ఒక పొరపాటు చూస్తూనే ఉన్నాం. కోయగూడెం నుంచి వచ్చిన ముసలమ్మను తెలుగులో "ఈరోజు తారీఖు ఎంత?" అని అడుగుతారు. ఆమె పలకదు. కేస్ షీట్‌లో "కన్‌ఫ్యూజ్డ్" అని రాసేస్తారు. ఆమె తెలివిలోనే ఉంది, అడిగింది అర్థం కాలేదంతే.

గ్లాస్గో కోమా స్కేల్‌లో కళ్లకు 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. పొంతనగా జవాబిస్తే మాటకు 5, తడబడితే 4. భాష తెలియక మొదటిరోజే ఒక మార్కు తగ్గిస్తే, రేపు నిజంగా తగ్గినప్పుడు ఎట్లా పసిగడతాం? మన ఏజెన్సీలో జ్వరంతో వచ్చిన మనిషి మత్తుగా ఉంటే మెదడుకు ఎక్కిన మలేరియా కావచ్చు. అక్కడ ఆలస్యమైతే ప్రాణమే పోతుంది.

అందుకే కోయ, గోండి, సవర, కువి వచ్చినవాళ్లం వార్డులో సిగ్గుపడొద్దు. "నేను అడుగుతా సిస్టర్" అని ముందుకెళ్దాం. తారీఖు బదులు "సంత ఏ రోజు? ఇప్పుడెక్కడున్నావు? తోడు ఎవరొచ్చారు?" అని అడుగుదాం. కండరాల బలానికి 0 నుంచి 5 వరకు మార్కు వేసేముందు, చెయ్యి ఎట్లా నెట్టాలో చేసి చూపిద్దాం, రెండు వైపులా పోల్చి చూద్దాం.

ఏ భాషలో అడిగారో కేస్ షీట్‌లో రాయాలని మన కాలేజీల్లో అడుగుదాం. మీరేమంటారు?